ఐదుగురు గిటారిస్టులు, పదకొండు ఆల్బమ్‌లు: సూజీ అండ్ ద బాన్షీస్ రికార్డుల్లో మారినదేమిటి, నిలిచినదేమిటి

1979 సెప్టెంబర్ 7న స్కాట్లండ్‌లోని అబెర్డీన్ నగరంలో బ్రిటిష్ రాక్ బృందం సూజీ అండ్ ద బాన్షీస్ కచేరీ జరగవలసి ఉంది. వారి రెండో ఆల్బమ్ ‘జాయిన్ హ్యాండ్స్’ విడుదలైంది కూడా ఆ రోజే. ఒక రికార్డు షాపులో అభిమానుల కోసం ఏర్పాటు చేసిన సంతకాల కార్యక్రమంలో గొడవ రేగడంతో గిటారిస్టు జాన్ మెకే, డ్రమ్మర్ కెన్నీ మోరిస్ కచేరీకి కొద్ది గంటల ముందు ఊరు విడిచి వెళ్లిపోయారు. వారికన్నా ముందు వాయించవలసిన ద క్యూర్ బృందం ఆ రాత్రి మరికొన్ని పాటలు అదనంగా వాయించింది. చివరికి గాయని సూజీ సూ, బేస్ గిటార్ వాయించే స్టీవెన్ సెవెరిన్ ఆ బృందంతోనే వేదికెక్కి, తమ పాట ఒకటి పాడి సభికులను సాగనంపారు. సగం మంది పోయిన బ్యాండు అక్కడితో ముగిసిపోయి ఉంటే ఎవరూ ఆశ్చర్యపడేవారు కాదు. కానీ ఆ తరవాత మరో తొమ్మిది స్టూడియో ఆల్బమ్‌లు వచ్చాయి.

ఈ సంఘటనను అభిమానులు సాధారణంగా ఒక సంక్షోభ కథగా చెప్పుకుంటారు. రికార్డులను వరసగా వింటే మాత్రం అది ఆ బ్యాండు పనితీరుకు ఒక నమూనాగా కనిపిస్తుంది. 1978 నుంచి 1995 వరకు వచ్చిన పదకొండు స్టూడియో ఆల్బమ్‌లలో జాన్ మెకే రెండింటిలో, జాన్ మెగియోక్ మూడింటిలో, రాబర్ట్ స్మిత్ ఒకదానిలో, జాన్ కరూథర్స్ రెండింటిలో, జాన్ క్లైన్ మూడింటిలో గిటార్ వాయించారు. సూజీ గొంతు, సెవెరిన్ బేస్ మొదటి నుంచి చివరిదాకా ఉన్నాయి. డ్రమ్స్ మీద 1979 తరవాత బడ్జీ తప్ప మరొకరు కూర్చోలేదు. రాక్ సంగీతంలో గిటార్‌ది ఇంటి యజమాని హోదా. బాన్షీస్ ఇంట్లో మాత్రం గిటార్ అద్దెకు దిగిన మనిషి. గోడలు, కప్పు ఎప్పుడూ అవే ఉన్నా ప్రతి కొత్త అద్దెదారుతో ఇంటి వెలుతురు, వాసన మారుతూ వచ్చాయి. ఈ బ్యాండు రికార్డులను అర్థం చేసుకోవడానికి ‘గోతిక్’ అనే ముద్రకన్నా ఈ మార్పుల క్రమమే ఎక్కువ పనికివస్తుంది.

ఆ ముద్ర గురించి ముందే కొంత చెప్పుకోవాలి. బాన్షీ అంటే ఐరిష్ జానపద విశ్వాసంలో ఇంట్లో జరగబోయే చావును తన ఏడుపుతో ముందుగా తెలిపే స్త్రీ ఆత్మ. పేరు అది, గాయని కళ్లచుట్టూ దట్టమైన నల్లరంగు, పాటల్లో బొమ్మలు, చేతబడి, సజీవ సమాధి. వీటన్నిటినీ కలిపి చూసినవారికి ‘గోతిక్’ అనే మాట తట్టడం సహజం. శిక్షణ లేకపోయినా ఎవరైనా వాయించవచ్చన్న పంక్ ఉద్యమం ఉద్ధృతి తగ్గాక దాని స్వేచ్ఛను నిలుపుకొంటూ, మూడు కార్డుల (కొన్ని స్వరాలను ఒకేసారి పలికించే కూర్పుల) సరళతను మాత్రం వదిలేసిన బ్రిటిష్ బృందాలను పోస్ట్-పంక్ అన్నారు. అందులో చీకటి వైపు మొగ్గిన శాఖకు గోతిక్ రాక్ అని పేరు పడింది. సూజీ మాత్రం ఆ పేరును తన బ్యాండుకు ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆమె అభ్యంతరం అర్థమయ్యేదే, ఎందుకంటే పదకొండు ఆల్బమ్‌లలో ఆ మాట నిజంగా అతికేది రెండు మూడింటికే.

బ్యాండు పుట్టుక ఎలాంటిదంటే, అందులో సంగీతం వచ్చినవారు దాదాపు లేరు. 1976 సెప్టెంబర్ 20న లండన్ ఆక్స్‌ఫర్డ్ వీధిలోని 100 క్లబ్‌లో జరిగిన పంక్ ఉత్సవంలో సూజీ, సెవెరిన్, అప్పటికింకా పంక్ బృందం సెక్స్ పిస్టల్స్‌లో చేరని సిడ్ విషస్, గిటారిస్టు మార్కో పిరోనీ కలిసి క్రైస్తవ ప్రభు ప్రార్థనను ఆధారం చేసుకుని ఇరవై నిమిషాలపాటు అప్పటికప్పుడు తోచింది వాయించారు. విషస్ ఆ రోజు డ్రమ్స్ మీద ఉన్నాడు. తరవాత మెకే, మోరిస్ చేరి అసలు బ్యాండు ఏర్పడినా పెద్ద రికార్డు కంపెనీలు వెంటనే ముందుకు రాలేదు. బీబీసీ రేడియోలో జాన్ పీల్ కార్యక్రమం కోసం రికార్డు చేసిన పాటలతో వారి పేరు దేశమంతా తెలిశాక, 1978 మధ్యలో పాలిడార్ సంస్థతో ఒప్పందం కుదిరింది. అంటే తొలి ఆల్బమ్‌కు ముందు దాదాపు రెండేళ్లు వేదికల మీద గడిచాయి. ఈ ఆలస్యం వల్ల మేలే జరిగింది. స్టూడియోలో అడుగుపెట్టేసరికి తమ శబ్దం ఎలా ఉండాలో కన్నా ఎలా ఉండకూడదో వారికి స్పష్టంగా తెలుసు.

1978 ఆగస్టులో వచ్చిన తొలి సింగిల్ (విడి పాట రికార్డు) ‘హాంగ్ కాంగ్ గార్డెన్’ బ్రిటిష్ అమ్మకాల జాబితాలో 7వ స్థానానికి చేరింది. మొదట ఒక అమెరికన్ నిర్మాతతో, అంటే స్టూడియోలో శబ్దాన్ని తీర్చిదిద్దే మనిషితో, చేసిన రికార్డింగు నచ్చక పక్కన పెట్టేసి, యువ నిర్మాత స్టీవ్ లిలీవైట్‌తో మళ్లీ చేశారు. లిలీవైట్ డ్రమ్స్‌ను ఒకేసారి వాయించనివ్వలేదు. ముందు కింది డ్రమ్మును, స్నేర్ అనే పలుచని డ్రమ్మును రికార్డు చేసి, టామ్‌టామ్‌లు అనే మిగతా డ్రమ్ములను, సింబల్స్ అనే లోహపు పళ్లేలను తరవాత విడిగా చేర్చాడు. దాంతో ప్రతి దెబ్బ చుట్టూ ఖాళీ స్థలం వచ్చింది. ఈ పాట పేరు లండన్ శివారు చిసల్‌హర్స్ట్‌లోని ఒక చైనీస్ భోజనశాలది. అక్కడి పనివారిని తల గొరిగించుకుని తిరిగే స్కిన్‌హెడ్ కుర్రాళ్లు వేధించడం చూసి బాధపడి రాశానని సూజీ చెప్పింది. ఉద్దేశం మంచిదే అయినా సాహిత్యంలో చైనా గురించి బ్రిటిష్ వీధుల్లో చలామణీలో ఉన్న మూసచిత్రాలే నిండి ఉన్నాయి, ఈ రోజు వింటే అవి ఇబ్బందిగానే తగులుతాయి. తూర్పుదేశాలను రంగుల తెరలా వాడుకునే అలవాటు ఈ బ్యాండుకు ఆ తరవాత కూడా పూర్తిగా పోలేదు.

ఆ సింగిల్‌ను చేర్చకుండానే 1978 నవంబరులో తొలి ఆల్బమ్ ‘ద స్క్రీమ్’ విడుదల చేశారు. అది 12వ స్థానానికి చేరింది. అంత పెద్ద హిట్టును ఆల్బమ్ బయట వదిలేయడం వ్యాపారం దృష్టితో మూర్ఖత్వమే. వినేవారికి మాత్రం మేలు చేసింది. ఆల్బమ్‌లో పాటలన్నీ ఒకే లోహంతో చేసినట్టుంటాయి. మెకే గిటార్‌లో బ్లూస్ ఛాయ లేదు, సోలో అనదగినది లేదు. పక్కపక్కనే ఉండి ఒకదానితో ఒకటి రాపిడి పడే స్వరాలను కలిపి మీటుతూ, ఆ రాపిడినే పాటకు ఇంధనంగా వాడుతాడు. మోరిస్ సింబల్స్ జోలికి ఎక్కువగా పోకుండా టామ్‌టామ్‌ల మీదే లయను నడిపిస్తాడు. రాక్ డ్రమ్మింగులో సింబల్ చేసే పని పాటంతటా ఒక పలుచని మెరుపును పరచడం. ఆ మెరుపు తీసేస్తే పై స్థాయి శ్రుతుల్లో ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి గొంతు, గిటార్ వచ్చి నిలబడతాయి. బేస్ కింది తీగ మీద ఒకే స్వరాన్ని పట్టుకుని ఉంటే, గొంతు దానిపైన తన దారిన తాను తిరుగుతుంది. కర్ణాటక సంగీతంలో శ్రుతి మీద గాత్రం నడవడం తెలిసిన చెవికి ఈ అమరిక వింతగా అనిపించదు; కార్డుల మార్పుల మీద నడిచే రాక్ పాటకు అలవాటుపడిన 1978 నాటి బ్రిటిష్ చెవికే అది వింత. ఈ రెంటికీ ప్రభావ సంబంధం ఏమీ లేదు, వినికిడి పోలిక మాత్రమే.

‘మెటల్ పోస్ట్‌కార్డ్’ అనే పాట నాజీలను ఎగతాళి చేస్తూ జర్మన్ కళాకారుడు జాన్ హార్ట్‌ఫీల్డ్ చేసిన ఫోటో చిత్రాల స్ఫూర్తితో వచ్చింది. 1976లో, జనాన్ని రెచ్చగొట్టడానికి, స్వస్తిక పట్టీ కట్టుకుని తిరిగిన సూజీ మీద వచ్చిన విమర్శల నేపథ్యంలో ఈ పాటను వినాలి. ఆ పట్టీకి అది ఎంతవరకు జవాబో శ్రోతలు ఎవరికి వారే తేల్చుకోవచ్చు. సంగీతంగా మాత్రం ‘ద స్క్రీమ్’ ప్రాధాన్యాన్ని తేల్చడానికి కాలక్రమం చాలు: ఖాళీని, టామ్‌టామ్‌లను, ముందుకు జరిగిన బేస్‌ను కలిపి చేసిన శబ్దానికి చాలామంది ఉదాహరణగా చెప్పే జాయ్ డివిజన్ బృందం తొలి ఆల్బమ్ 1979 జూన్‌లో గానీ రాలేదు.

‘జాయిన్ హ్యాండ్స్’కు దక్కవలసిన గౌరవం దక్కలేదు. విడుదల రోజునే ఇద్దరు వెళ్లిపోవడంతో ఆల్బమ్‌ను వినడం కన్నా గొడవ గురించి మాట్లాడుకోవడం ఎక్కువైంది. మొదటి పాట ‘పాపీ డే’ మొదటి ప్రపంచ యుద్ధ మృతుల స్మారకదినం నాటి మౌనాన్ని గురించినది; అక్కడి నుంచి ‘ప్రిమెచ్యూర్ బరియల్’ అనే సజీవ సమాధి పాట మీదుగా, ఒక సంగీత పెట్టె కీచుమంటుండగా తల్లిని గురించి పాడే పాట దాకా, ఆల్బమ్ మొత్తం ఊపిరాడని గదిలా ఉంటుంది. చివరగా 100 క్లబ్ నాటి ప్రభు ప్రార్థన పద్నాలుగు నిమిషాల రూపంలో తిరిగి వస్తుంది. అది వేదిక మీద పనిచేసినంతగా రికార్డులో పనిచేయలేదు. పది నిమిషాలు దాటాక శ్రోత గడియారం చూసుకోవడం ఖాయం. కానీ గోతిక్ అనే మాటకు ఈ బ్యాండు నిజంగా దగ్గరగా వచ్చిన మొదటి సందర్భం ఇదే.

అబెర్డీన్ తరవాత పర్యటన ఆగకుండా ద క్యూర్ నాయకుడు రాబర్ట్ స్మిత్ ప్రతి రాత్రీ ముందు తన బృందంతో, ఆ వెంటనే బాన్షీస్‌తో గిటార్ వాయించాడు. స్త్రీల పంక్ బృందం ద స్లిట్స్ రికార్డులో డ్రమ్స్ వాయించిన బడ్జీ వచ్చి మోరిస్ స్థానంలో కూర్చున్నాడు. పర్యటన గడిచింది, కానీ కొత్త పాటలు రాయడానికి గిటారిస్టు లేడు. ఆ లోటే మూడో ఆల్బమ్ ‘కెలైడోస్కోప్’ను మలిచింది. సూజీ, సెవెరిన్ ఇద్దరూ చేతికి దొరికిన వాటితో, అంటే చిన్న కీబోర్డులు, రిథమ్ యంత్రంతో పాటలు కట్టడం మొదలుపెట్టారు. ‘రెడ్ లైట్’లో కెమెరా షట్టర్ చప్పుడే తాళం. మూడు పాటల్లో సెక్స్ పిస్టల్స్ గిటారిస్టు స్టీవ్ జోన్స్ వాయించాడు. మిగిలిన చోట్ల అప్పటికి మేగజీన్ అనే బృందంలో ఉన్న జాన్ మెగియోక్‌ను అతిథిగా పిలిచారు. పద్ధతి లేనిదాన్నే పద్ధతిగా చేసుకున్న ఈ ఆల్బమ్ 1980 ఆగస్టులో 5వ స్థానానికి చేరింది. పదకొండింటిలో జాబితాలో అన్నిటికన్నా పైకి ఎక్కింది ఇదే.

అందులోని ‘హ్యాపీ హౌస్’తో మెగియోక్ ఏమి చేయగలడో తెలిసిపోయింది. ఆయన స్కాట్లండ్‌లోని గ్రీనక్‌లో పుట్టినవాడు. తీగలను గుత్తగా మీటకుండా, కార్డులోని స్వరాలను ఒక్కొక్కటిగా విడదీసి, వాటిని లయతో పాటు తిప్పుతూ ఉండటం ఆయన పద్ధతి. దానికి తోడు ఫ్లాంజర్ అనే పరికరం. గిటార్ శబ్దాన్ని రెండు పాయలుగా చేసి, ఒక పాయను సెకనులో వెయ్యోవంతుల లెక్కన ఆలస్యం చేసి, ఆ ఆలస్యాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ మళ్లీ మొదటిదానితో కలపడం ఈ పరికరం చేసే పని. కలిసినప్పుడు కొన్ని శ్రుతులు బలపడి, కొన్ని చెరిగిపోతాయి; ఆలస్యం కదులుతూ ఉంటుంది కాబట్టి ఆ చెరిగే చోట్లు కూడా కదులుతాయి. వినేవారికి నీటి అడుగున వెలుగు ఊగినట్టు ఉంటుంది. ఎనభైల్లో ఈ పరికరాన్ని వాడనివారు తక్కువ. చాలామంది దాన్ని పాటంతటికీ పూసే రంగులా వాడితే, మెగియోక్ ఏ స్వరం మీద ఎంత ఊగాలో లెక్క చూసి వాడాడు.

1981 జూన్‌లో వచ్చిన ‘జూజూ’ ఈ పద్ధతికి పరాకాష్ఠ. ఇందులోని పాటలను స్టూడియోకు రాకముందే పర్యటనలో వాయించి సానపట్టారు, ఆ సాన ప్రతిచోటా తెలుస్తుంది. ‘స్పెల్‌బౌండ్’లో విద్యుత్ గిటార్ మీద విడిగా పలికించిన స్వరాల కింద పన్నెండు తీగల మామూలు గిటార్ పరుగు తీస్తూ ఉంటుంది, రెండూ కలిసి బడ్జీ టామ్‌టామ్‌ల ఉరుకును అందుకోవాలని చూస్తున్నట్టుంటాయి. పాటలో గిటార్ సోలో ఎక్కడుందని వెతికితే ఎక్కడా లేదు, పాట మొత్తం గిటారే. ద స్మిత్స్ గిటారిస్టు జానీ మార్ తన తరం మీద మెగియోక్ ప్రభావాన్ని చెప్పేటప్పుడు ఈ పాటనే ఎత్తుకుంటాడు. ‘నైట్ షిఫ్ట్’ యార్క్‌షైర్‌లో వరస హత్యలు చేసి ఆ ఏడాదే శిక్షపడిన నేరస్థుడి గురించి. అక్కడ గిటార్ పరుగు ఆపేసి, పెద్ద పెద్ద కార్డులను గాలిలో వదిలేసి వాటంతట అవి ఆరిపోయేదాకా ఆగుతుంది. ‘మానిటర్’లో నిఘా కెమెరాల తెరకు అతుక్కుపోయిన మనిషి ఉన్నాడు. ‘వూడూ డాలీ’ ఏడు నిమిషాల పొడవునా మెల్లగా మొదలై, లయ తప్పేదాకా తీగలు తెగేదాకా వెళ్తుంది. గోతిక్ అనే మాట చరిత్రలో నిలబడటానికి ఈ ఆల్బమ్ ముఖ్య కారణాల్లో ఒకటి. అయితే దీన్ని అనుకరించిన బృందాలు నల్లరంగును, చేతబడిని, ఫ్లాంజర్‌ను పట్టుకున్నాయి. బడ్జీ లయను పట్టుకోలేకపోయాయి. అందువల్ల వాటిలో చాలావాటి పాటలు శవయాత్ర వేగంతో నడుస్తాయి. ‘జూజూ’ మాత్రం నాట్యం చేయదగిన రికార్డు.

లయకూ గొంతుకూ ఉన్న ఈ బంధాన్ని విడిగా పరిశీలించడానికి ఒక సౌకర్యం ఉంది. సూజీ, బడ్జీ ఇద్దరూ ద క్రీచర్స్ అనే పేరుతో 1981లోనే ఒక చిన్న రికార్డు చేశారు. అందులో గొంతు, డ్రమ్స్ తప్ప దాదాపు ఏమీ లేవు. గిటార్, బేస్ లేకపోయినా అది బాన్షీస్ పాటలానే వినిపిస్తుంది. ఈ ఇంటి పునాది ఎక్కడుందో తెలుసుకోవాలంటే ఆ రికార్డు వింటే చాలు.

‘జూజూ’ను మరోసారి చేసి ఉంటే గిట్టుబాటయ్యేది. 1982 నవంబరు నాటి ‘ఎ కిస్ ఇన్ ద డ్రీమ్‌హౌస్’లో వారు దానికి పూర్తిగా ఎడంగా జరిగారు. రికార్డింగు ఇంజనీరు మైక్ హెడ్జెస్ సహాయంతో వయొలిన్ వాద్యాలు, వేణువు లాంటి రికార్డర్, గంటలు, ఒకే శబ్దం మళ్లీ మళ్లీ వినిపించేలా టేపు ముక్కలను చుట్టగా తిప్పే ప్రయోగాలు వచ్చి చేరాయి. అట్ట మీద చిత్రకారుడు క్లిమ్ట్ బంగారు పూతను తలపించే బొమ్మ ఉంటుంది, లోపలి శబ్దం కూడా అలాగే పూతపూసినట్టు ఉంటుంది. కొన్ని చోట్ల మెగియోక్ గిటార్ తీగవాద్యాలకు చోటిచ్చి పక్కకు తప్పుకోవడం గమనించదగినది. తాను ఎప్పుడు వాయించకూడదో తెలిసిన గిటారిస్టులు తక్కువ. ఈ వ్యాసకర్త దృష్టిలో పదకొండింటిలో అన్నిటికన్నా ధైర్యమైన ఆల్బమ్ ఇదే, ‘జూజూ’ మరింత నిండుగా ఉన్నప్పటికీ. మెగియోక్‌కు మాత్రం ఇదే చివరిదైంది. పని ఒత్తిడి, మద్యం కలిసి ఆయనను దెబ్బతీశాయి. మాడ్రిడ్‌లో జరిగిన కచేరీల్లో వాయించలేని స్థితికి చేరాక బ్యాండు ఆయనను వదులుకుంది. ఆయన 2004లో మరణించాడు.

ఖాళీ అయిన చోటికి మళ్లీ రాబర్ట్ స్మిత్ వచ్చాడు, ఈసారి పూర్తి సభ్యుడిగా, అయినా ద క్యూర్‌ను వదలకుండానే. ఆయనతో చేసిన మొదటి ముఖ్యమైన రికార్డు బీటిల్స్ పాట ‘డియర్ ప్రూడెన్స్’. 1968లో బీటిల్స్ ధ్యానం నేర్చుకోవడానికి రిషికేశ్‌లోని మహర్షి మహేశ్ యోగి ఆశ్రమంలో ఉన్నప్పుడు, గదిలోంచి బయటికి రాకుండా ధ్యానంలో మునిగిపోయిన ప్రూడెన్స్ ఫారోను పిలుస్తూ జాన్ లెనన్ కట్టిన పాట అది. బాన్షీస్ చేసిన రూపం 1983లో బ్రిటన్‌లో 3వ స్థానానికి వెళ్లింది. వారి సింగిల్స్‌లో ఇంతకు మించిన విజయం లేదు. బీటిల్స్ అదే జంట ఆల్బమ్‌లోని ‘హెల్టర్ స్కెల్టర్’ను మెకే కాలంలో, ‘ద స్క్రీమ్’ కోసం, ఎముకలు బయటపడేలా చెక్కేసి పాడి ఉన్నారు. ఒకే మూలంలోని రెండు పాటలు ఇద్దరు గిటారిస్టుల చేతుల్లో ఎంత దూరం పోయాయో పోల్చి వింటే బ్యాండు ఐదేళ్ల ప్రయాణం అర్థమవుతుంది. మొదటిది అసలు పాటతో తగవు పడుతుంది. రెండోది అసలు పాట మీద పొగమంచు కప్పుతుంది.

అదే ఏడాది రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో రెండు రాత్రుల కచేరీల నుంచి ‘నాక్టర్న్’ అనే జంట రికార్డు వచ్చింది. స్ట్రావిన్‌స్కీ సంగీతంతో మొదలయ్యే ఈ రికార్డులో మెగియోక్ కట్టిన గిటార్ భాగాలను స్మిత్ వాయిస్తాడు. బాగానే వాయిస్తాడు కానీ అంచులు కొంచెం మొద్దుబారతాయి. 1984 నాటి ‘హయీనా’ ఆయన ఏకైక స్టూడియో ఆల్బమ్. తీగవాద్యాల వెల్లువతో మొదలయ్యే ‘డాజిల్’ లాంటి ఘనమైన పాటలు ఉన్నా, ఇద్దరు యజమానుల దగ్గర పనిచేస్తున్నవాడి అలసట వినిపిస్తూనే ఉంటుంది. ఆల్బమ్ విడుదలకు ముందే స్మిత్ తప్పుకున్నాడు.

తరవాతి రికార్డు ‘ద థార్న్’లో నాలుగు పాత పాటలనే మళ్లీ చేశారు. మెకే కాలం నాటి ‘ఓవర్‌గ్రౌండ్’లో గిటార్ చేసిన పనిని ఇక్కడ వయొలిన్లు చేస్తాయి, అయినా పాట ఎక్కడా కూలిపోదు. కొత్తగా చేరిన కరూథర్స్‌కు ఇది మంచి స్వాగతం కాకపోవచ్చు: గిటార్ లేకుండా కూడా తమకు నడుస్తుందని బ్యాండు ఆయన ముందే నిరూపించింది. ఆయనతో బెర్లిన్ హాన్సా స్టూడియోలో మొదలుపెట్టిన ‘టిండర్‌బాక్స్’ 1986లో గానీ పూర్తి కాలేదు. సుడిగాలి, ఎండ, అగ్నిపర్వతం పాటల నిండా ఉన్నాయి. అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపేయి నగరం గురించిన ‘సిటీస్ ఇన్ డస్ట్’ నాట్యశాలల్లో విజయం సాధించింది. కరూథర్స్ గిటార్ గట్టిగా, నిండుగా ఉంటుంది, ఆశ్చర్యపరచదు. మరుసటి ఏడాది ఇతరుల పాటలతో చేసిన ‘త్రూ ద లుకింగ్ గ్లాస్’ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అందులో జాన్ కేల్ పాట ‘గన్’ను గుర్తుంచుకుంటే చాలు.

ఎందుకంటే ఆ పాట కోసం చేసిన డ్రమ్స్, ఇత్తడి బూరల అమరికను చుట్టగా తిప్పి, దాన్ని వెనక నుంచి ముందుకు నడిపించి, ఆ తలకిందుల శబ్దం మీద కొత్త పాట కట్టారు. అదే 1988 నాటి ‘పీక్-ఎ-బూ’. కొత్తగా చేరిన మార్టిన్ మెకారిక్ అకార్డియన్, ముక్కలుముక్కలుగా వేర్వేరు మైకుల్లో రికార్డు చేసిన సూజీ గొంతు, ఎటు నడుస్తుందో తెలియని తాళం. గిటార్ ఉందో లేదో వెతుక్కోవాలి. అమెరికా పత్రిక బిల్‌బోర్డ్ ఆ ఏడాది సెప్టెంబరులో మోడర్న్ రాక్ పాటల జాబితాను ప్రారంభించినప్పుడు మొట్టమొదటి అగ్రస్థానం ఈ పాటకే దక్కింది. ఇందులో ఒక విడ్డూరం కూడా ఉంది. ఈ దశలో బ్యాండులో చేరిన జాన్ క్లైన్ అంతకుముందు స్పెసిమెన్ అనే బృందం గిటారిస్టు. లండన్ సోహోలో 1982లో మొదలై గోత్ యువతకు కేంద్రంగా మారిన బ్యాట్‌కేవ్ క్లబ్‌ను నడిపింది ఆ బృందమే. అంటే ‘జూజూ’ను చూసి పుట్టిన లోకం నుంచి వచ్చిన మనిషి చేరాకే బ్యాండు ఆ లోకానికి అన్నిటికన్నా దూరంగా జరిగింది. ‘పీప్‌షో’ ఆల్బమ్‌లో గోతిక్ అనదగిన పాటలు ఒకటి రెండు ఉంటాయేమో, మిగతాదంతా నాటకశాల, సర్కసు, రాత్రి వీధి.

1991 నాటి ‘సూపర్‌స్టిషన్’ను స్టీఫెన్ హేగ్ నిర్మించాడు. ఎలెక్ట్రానిక్ పాప్‌లో పేరున్న ఆయన చేతిలో శబ్దం నున్నగా మెరిసిపోయింది. బడ్జీ డ్రమ్స్‌కు యంత్రం తొడుగు వేసినట్టుంటుంది, ఆయనను అలా వినడం కష్టమే. అయినా అమెరికాలో వారి పెద్ద విజయం ఈ ఆల్బమ్‌లోని ‘కిస్ దెమ్ ఫర్ మి’. హాలీవుడ్ నటి జేన్ మాన్స్‌ఫీల్డ్ గురించిన ఈ పాట అక్కడి ప్రధాన జాబితాలో 23వ స్థానానికి చేరింది. అడుగున హిప్‌హాప్ డ్రమ్ చుట్ట, పైన లండన్‌లో పుట్టిన తల్విన్ సింగ్ తబలా. తబలాకు అలవాటుపడిన భారతీయ శ్రోత ఒక సంగతి వెంటనే గమనిస్తాడు: ఇక్కడ తాళాన్ని మోసేది తబలా కాదు. లయ బరువంతా యంత్రం మీదే ఉంది, తబలా ఆ లయ మీద చల్లిన సుగంధ ద్రవ్యం. ‘హాంగ్ కాంగ్ గార్డెన్’లో తూర్పు వాసన కోసం గ్జైలోఫోన్ అనే కర్ర పలకల వాద్యం చేసిన పనికి ఇది పెద్ద భిన్నం కాదు. తేడా అల్లా ఇప్పుడు వాయిస్తున్నవాడు ఆ వాద్యాన్ని నిజంగా నేర్చుకున్న కళాకారుడు కావడం. అతను ‘ఓకే’ అనే సొంత ఆల్బమ్‌కు 1999లో, బ్రిటన్‌లో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి అందుకున్నాడు.

చివరి ఆల్బమ్ ‘ద రాప్చర్’ 1995లో వచ్చింది. ‘గన్’ పాట అసలు కర్త జాన్ కేల్ కొన్ని పాటలకు నిర్మాతగా కూర్చున్నాడు. పదకొండు నిమిషాలు దాటే శీర్షిక గీతంలో పాత సాహసం మెరిసినా, ఆల్బమ్ పెద్దగా అమ్ముడుపోలేదు. 1996లో బ్యాండు ముగింపు ప్రకటించింది. 2002లో కొద్దికాలం కచేరీల కోసం కలిసినా కొత్త ఆల్బమ్ రాలేదు.

స్టూడియో ఆల్బమ్‌లకే పరిమితమై వింటే ఈ బ్యాండులో ఒక భాగం తప్పిపోతుంది. సింగిల్ రికార్డుల రెండో వైపు పాటలను వారు మిగులు సరుకుగా చూడలేదు. వెళ్లిపోయిన ఇద్దరి మీద కోపాన్ని ‘హ్యాపీ హౌస్’ వెనక వైపు ‘డ్రాప్ డెడ్’ అనే పాటగా మార్చి దాచారు. ‘డియర్ ప్రూడెన్స్’ వెనక ఉన్న ‘టాటూ’ గుసగుస, డ్రమ్స్ తప్ప పెద్దగా ఏమీ లేని పాట. పదమూడేళ్ల తరవాత బ్రిస్టల్ కళాకారుడు ట్రికీ దాన్ని తన ఆల్బమ్‌కు మొదటి పాటగా తిరిగి చేసినప్పుడు మార్చవలసింది పెద్దగా కనిపించలేదు. ఇలాంటి పాటలన్నీ 2004లో ‘డౌన్‌సైడ్ అప్’ అనే నాలుగు డిస్కుల పెట్టెగా వచ్చాయి. ‘జూజూ’, ‘డ్రీమ్‌హౌస్’ విన్నవారు తరవాత వినవలసింది ‘టిండర్‌బాక్స్’ కాదు, ఆ పెట్టె.

బాన్షీస్ పాటలను ముక్కలుగా తీసుకున్నవారిలో ట్రికీ ఒక్కడే లేడు. అమెరికన్ గాయని శాంటిగోల్డ్ 2008లో ‘రెడ్ లైట్’ను ఆధారం చేసుకుని తన పాట కట్టింది. 2011లో కెనడా గాయకుడు ద వీకెండ్ తన తొలి మిక్స్‌టేప్ శీర్షిక గీతానికి ‘హ్యాపీ హౌస్’ను తీసుకున్నాడు. ఆ పాట ఈ రోజు ఫోన్లలో మోగుతున్నప్పుడు మొదటి సెకన్ల నుంచి చెవిని పట్టుకునేది 1980లో, అప్పటికింకా బ్యాండు సభ్యుడు కూడా కాని మెగియోక్, అతిథిగా వచ్చి మీటిన ఆ గిటార్ స్వరాలే.